జపమాలలో వినపడకుండా పోతున్న పేరు

సంపాదకులు గారికి నమస్కారం.

అక్టోబరు జపమాల మాసం. ఈ నెల పొడుగునా మన కతోలిక విచారణల్లో (ఒక్కో గురువు చూసుకునే గుడి పరిధుల్లో) సాయంత్రమయ్యేసరికి మరియమాత స్వరూపం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది. ప్రదక్షిణల ఫొటోలు మీ జిల్లా పేజీల్లోనూ వస్తుంటాయి. సంతోషం. అయితే నెల గడిచి స్వరూపం గుడికి చేరాక ఇళ్లలో జపమాల ఎందుకు ఆగిపోతోందో ఎవరూ రాయడం లేదు. అడిగితే అందరూ చెప్పేది ఒకటే, "తీరిక లేదు" అని. అందులో సగం నిజముంది. మిగతా సగం మనం జపమాల చెప్పే తీరులో ఉంది. ఆ సగం గురించే ఈ ఉత్తరం.

ముందు సమయం లెక్క చూద్దాం. జపమాలకు 59 పూసలు, చిన్నవి 53, పెద్దవి 6. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం చెబుతాం. మొదటి పెద్దపూస మీద పరలోకజపం (యేసు నేర్పిన ప్రార్థన), తర్వాత మూడు చిన్నపూసల మీద విశ్వాసం, నమ్మకం, దైవప్రేమ కోసం మూడు మంగళవార్త జపాలు (మరియమ్మను ఉద్దేశించి ఒకరు సగం చెబితే మిగతావారు సగం అందుకునే జపం), పిత, పుత్ర, పవిత్రాత్మలను స్తుతించే త్రిత్వస్తోత్రం. అక్కడి నుంచి అయిదు దేవరహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవితంలో మనం ధ్యానించే ఘట్టాలు. ఒక్కోదానికి ఒక పరలోకజపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వస్తోత్రం. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడే చోటు ఒకటుంది. మాల చుట్టూ అయిదు పెద్దపూసలు ఉంటాయనుకుని వెతుకుతారు, ఉండేవి నాలుగే. మొదటి దేవరహస్యపు పరలోకజపం మాల చుట్టు మొదలయ్యే చోట ఉన్న పతకానికి ఇవతల, సిలువ వైపు ఉన్న పెద్దపూస మీద చెప్పాలి.

మంగళవార్త జపం తెలుగులో తొందర లేకుండా చెబితే 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. 53 జపాలకు సుమారు పావుగంట. పరలోకజపాలు, త్రిత్వస్తోత్రాలు, ప్రతి దేవరహస్యం చివర చెప్పే ఫాతిమా జపం, దేవరహస్యం ప్రకటించి కాసేపు మౌనంగా ఉండటం, అన్నీ కలిపితే మరో ఆరేడు నిమిషాలు. మొత్తం పాతిక నిమిషాలకు మించదు. ఇది నిదానంగా చెప్పే జపమాల లెక్క, పరుగెత్తేదానిది కాదు.

చాలా ఇళ్లలో దీన్నే పన్నెండు నిమిషాల్లో ముగిస్తున్నారు. అంటే ఒక్కో మంగళవార్తకు తొమ్మిది సెకన్లు. ఆ వేగంలో "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" అన్న మాట "స్త్రీల్లాశీర్వదిమ్మీరే" అయిపోతుంది. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. చెప్పేవారు "మీ గర్భఫలమగు" అనే చోటికి రాగానే, ఆ వాక్యం పూర్తికాకముందే, అందుకునే గొంతులన్నీ "పరిశుద్ధ మరియమ్మా" అని లేస్తాయి. ఆ హోరులో మునిగిపోయేది "యేసు" అన్న రెండక్షరాలు. పది పూసలకు పదిసార్లు, జపమాల మొత్తంలో యాభై మూడుసార్లు ఇదే జరుగుతుంది. రెండవ జాన్ పాల్ జగద్గురువులు (పోపు) 2002 అక్టోబరు 16న జపమాల మీద రాసిన లేఖలో ఈ జపానికి కేంద్రం యేసు నామమేననీ, రెండు భాగాలను కలిపే కీలు అదేననీ రాశారు. ఆ కీలు ఊడిపోతే మిగిలేవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు సగాలు. మరియమ్మను మాత్రమే పిలుస్తూ యేసును మరిచిపోతారని మనల్ని విమర్శించేవారికి, వినపడకుండా చేసి ఆధారం ఇస్తున్నది మనమే.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. చెప్పేవారు తమ సగాన్ని పూర్తిచేసి ఆగాలి. మిగతావాళ్లు ఒక ఊపిరి తీసుకుని అందుకోవాలి. యేసు నామం దగ్గర తల కొద్దిగా వంచడం మన పెద్దల అలవాటు. తల వంచితే నోటి వేగం దానంతటదే తగ్గుతుంది, ఇంకెవరూ "నెమ్మది" అని హెచ్చరించనక్కరలేదు. చదువు బాగా వచ్చినవారికో, గొంతు పెద్దదైనవారికో కాకుండా ఇంట్లో అందరికంటే నిదానంగా మాట్లాడేవారికి ముందు చెప్పే పని అప్పగించండి. చాలా ఇళ్లలో అది నానమ్మో అమ్మమ్మో అవుతుంది. గుడిలో మైకు పట్టుకునేవారికి ఇది మరీ ముఖ్యం. మైకులో వేగం పెరిగితే వంద గొంతులు దాని వెంట పరుగెత్తుతాయి.

ఒకే మాటను ఇన్నిసార్లు చెప్పడం ఎందుకని ఇతర క్రైస్తవ సంఘాల సోదరులు అడుగుతుంటారు. బైబిలులో మత్తయి 6:7 చూపిస్తారు. అక్కడ ప్రభువు కాదన్నది అర్థం లేకుండా మాటలు పేర్చడాన్ని. అదే మత్తయి 26:44లో గెత్సేమనిలో ఆయనే మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని ఉంది. 136వ కీర్తనలో ఒకే పల్లవి 26 వచనాల్లోనూ తిరిగి తిరిగి వస్తుంది. జపమాల పుట్టింది కూడా కీర్తనల నీడలోనే. మఠాల్లో 150 కీర్తనలు చదివేవారు. చదువు రాని సామాన్యులు వాటికి బదులు 150 జపాలను పూసల మీద లెక్కించేవారు. మన నేలమీద జపం, మాల అనే మాటలకు అర్థం చెప్పాల్సిన పని అసలే లేదు. చెప్పాల్సింది ఒక్కటే, పూస లెక్క కోసమే, మనసు మాత్రం దేవరహస్యం మీద ఉండాలని. దాని ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరమని ఆరవ పౌలు జగద్గురువులు 1974లో హెచ్చరించారు. కాబట్టి మత్తయి 6:7 గురించి అడిగేవారి మీద కోపం తెచ్చుకోకుండా, మనం ఆ వచనం కిందికి వస్తున్నామా లేదా అని చూసుకోవడం మంచిది.

ధ్యానం అనగానే సామాన్య కుటుంబాలు జంకుతాయి. జంకాల్సిన పని లేదు. "రెండవ దుఃఖ దేవరహస్యం, యేసును రాతిస్తంభానికి కట్టి కొరడాలతో కొట్టుట" అని ప్రకటించాక వెంటనే పరలోకజపం ఎత్తుకోకుండా, యోహాను 19:1 ఒక్క వచనం చదివి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకుంటే చాలు. పిల్లలున్న ఇంట్లో ఇంకో పద్ధతి బాగా పనిచేస్తుంది. యేసు నామం తర్వాత ఆ దేవరహస్యానికి తగిన చిన్న మాట కలపడం. "మీ గర్భఫలమగు యేసు, మా కొరకు ముళ్ల కిరీటం ధరించిన యేసు" అని మూడవ దుఃఖ దేవరహస్యంలో చెప్పి మిగతాది కొనసాగించాలి. ఇది కొత్త కల్పన కాదు, కొన్ని దేశాల్లో పాత ఆచారమే. జగద్గురువుల లేఖల్లోనూ దీని ప్రస్తావన ఉంది. మాట కలపాలంటే మనసు అక్కడ ఉండాల్సిందే కాబట్టి యాంత్రికంగా చెప్పడం సాధ్యపడదు. గుడిలో అందరితో చెప్పేటప్పుడు మాత్రం విచారణ గురువులను అడగకుండా మొదలుపెట్టకండి. సగంమంది ఒకలా, సగంమంది ఇంకోలా చెప్పి గందరగోళమవుతుంది.

ఇక జపమాల నలభై అయిదు నిమిషాలు సాగే ఇళ్లున్నాయి. అక్కడి పిల్లలు అయిదో దేవరహస్యం దాటగానే గోడకు జారబడతారు. కారణం జపమాల కాదు, దాని తోక. మరియమ్మను ఒక్కో బిరుదుతో పిలిచే దేవమాత ప్రార్థన, మరియమ్మ భర్త జోజప్పగారి జపం, అంతోనివారి జపం, మిఖాయేలు సన్మనస్కుని (దేవదూత) జపం, ఉత్తరించు స్థలంలో (పరలోకానికి ముందు శుద్ధి పొందే చోట) ఉన్న ఆత్మల కోసం, ఊళ్లో ఉన్న రోగుల పేర్లు ఒక్కొక్కటిగా. ప్రతిదీ మంచిదే. కానీ ఇవేవీ జపమాలలో భాగం కావు. జోజప్పగారి జపాన్ని జపమాల తర్వాత చెప్పమని పదమూడవ లియో జగద్గురువులు 1889లో కోరింది అక్టోబరు నెల కోసమే. ఏడాది పొడుగునా రోజూ తప్పనిసరి అని ఎవరూ అనలేదు. పనిరోజుల్లో అయిదు దేవరహస్యాలతో ఆపండి. దేవమాత ప్రార్థనను శనివారానికి ఉంచుకుంటే, తొందర లేని ఆ రోజున ఒక్కో బిరుదు అర్థం పిల్లలకు చెప్పే వీలుంటుంది. వదిలేశామన్న బెంగ అక్కరలేదు. పరిపూర్ణ ఫలానికి (క్షమింపబడిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగే వరానికి) కూడా శ్రీసభ అడిగేది మధ్యలో ఆపకుండా అయిదు దేవరహస్యాలు కుటుంబంగానో గుడిలోనో నోటితో చెబుతూ ధ్యానించడమే. దానితోపాటు ఎప్పటి షరతులే: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), పూజలో దివ్యసత్ప్రసాదం స్వీకరించడం, జగద్గురువుల ఉద్దేశాల కోసం ప్రార్థన, పాపం మీద ఏ మమకారమూ లేని మనసు. "మధ్యలో ఆపకుండా" అన్న మాట కింద మాత్రం గీత గీయండి. మూడో దేవరహస్యం దగ్గర కుక్కరు కట్టేయడానికి లేచి, ఫోను మాట్లాడి, అరగంట తర్వాత తిరిగి కూర్చోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. జపమాలకు ముందే పొయ్యి ఆపితే ఈ బాధ ఉండదు.

ఏ రోజు ఏ దేవరహస్యాలన్న తగవు కూడా చిన్నదేం కాదు. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ దేవరహస్యాలు, గురువారం వెలుగు దేవరహస్యాలు. ఈ అమరిక రెండవ జాన్ పాల్ జగద్గురువుల 2002 నాటి లేఖలోది. అంతకుముందు అచ్చయిన జపాల పుస్తకాల్లో పదిహేను దేవరహస్యాలే ఉంటాయి, గురువారం సంతోష దేవరహస్యాలు, శనివారం మహిమ దేవరహస్యాలు అని ఉంటుంది. పెద్దవాళ్లు ఆ పుస్తకం చూసి, పిల్లలు ఫోను చూసి "తప్పు చెబుతున్నారు" అని ఒకరినొకరు ఆపుకుంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఈ రోజుల పంపకం ఒక సూచన మాత్రమేనని ఆ లేఖలోనే ఉంది. పాత పుస్తకం చివరి అట్ట లోపల వెలుగు దేవరహస్యాలు అయిదూ చేతిరాతతో రాసి అంటించండి, పుస్తకాన్ని మాత్రం పారేయకండి.

ఇక ఫోను. ఇప్పుడు చాలా ఇళ్లలో యూట్యూబులో జపమాల పెట్టి, అది మోగుతుండగా కూరలు తరుగుతున్నారు, ఇస్త్రీ చేస్తున్నారు. పని చేస్తూ ప్రార్థించడంలో తప్పు లేదు, పొలంలో నాట్లు వేస్తూ జపమాల చెప్పిన తరాలు మనవి. కానీ వాళ్లు నోటితో చెప్పారు. రికార్డింగు మోగడం, అది మన చెవిన పడటం జపమాల కాదు. అది పాట విన్నట్టే. పెదవి కదలాలి, సగం మనం అందుకోవాలి. రికార్డింగులతో ఇంకో చిక్కుంది. మంచం పట్టిన పెద్దవాళ్లకు ఊపిరి అందడానికి పట్టే సమయాన్ని అవి ఇవ్వవు. వాళ్లు "పరిశుద్ధ మరియమ్మా" దగ్గర ఉండగానే అది తర్వాతి పూసకు వెళ్లిపోతుంది. రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు నుంచి మాట్లాడకుండా వింటూ పడుకుంటారు. వాళ్ల కోసం ఫోనులో ఆ వీడియో వేగాన్ని 0.75కి తగ్గించండి. అంతకన్నా మంచిది, ఇంట్లోవారు ఎవరైనా పక్కన కూర్చుని ఒక్క దేవరహస్యమైనా వాళ్ల ఊపిరికి తగ్గట్టు చెప్పడం. మీ ఫోనులోనే దేవరహస్యాలు చూసి చెబుతుంటే దాన్ని ముందుగా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నాలుగో పూస దగ్గర వాట్సాప్ మోగితే ఆ దేవరహస్యంలోకి మనసు మళ్లీ రాదు.

అదే ఫోను దూరంగా ఉన్న బిడ్డలను దగ్గర చేస్తుంది కూడా. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ఆడబిడ్డలకు, డాలస్‌లో ఉన్న కొడుకులకు, కోడళ్లకు వీడియో కాల్‌లో జపమాల ఇప్పుడు మామూలు. అక్కడ ఎదురయ్యే ఇబ్బంది గొంతు ఆలస్యంగా చేరడం. అందరూ ఒకేసారి అందుకుంటే ప్రతి ఇంటి గొంతూ ఒక్కో క్షణం తేడాతో వచ్చి చేపల బజారులా ఉంటుంది. ఒక దేవరహస్యానికి ఒకే ఇల్లు ముందు చెప్పాలి, ఇంకొక ఇల్లు మాత్రమే అందుకోవాలి. మిగతా ఇళ్లవారు మైకు ఆపుకుని తమ ఇంట్లో తాము జవాబు చెప్పుకోవాలి. తర్వాతి దేవరహస్యానికి జతను మార్చాలి. మనకు రాత్రి 7:30 అయితే కువైట్‌లో సాయంత్రం 5, డాలస్‌లో ఉదయం 9. అమెరికావారికి పనిరోజుల్లో అది ఆఫీసు వేళ కాబట్టి శనివారం పెట్టుకోవడం మేలు. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది, అప్పుడు మన 7:30 వాళ్లకు ఉదయం 8. ఇది చూసుకోక ఆ వారం సగంమంది రాకపోవడం, ఆ తర్వాత కాల్ ఆగిపోవడం జరుగుతుంటుంది. పరాయి ఇంట్లో మాల బయటికి తీయడానికి వీలులేని పనివారికి దేవుడిచ్చిన వేళ్లు పది ఉన్నాయి. ఒక దేవరహస్యానికి పది మంగళవార్తలు, లెక్క సరిపోతుంది.

స్వరూపం ఇంటింటికీ వెళ్లే ఆచారం గురించి ఒక మాట నొప్పించినా చెప్పాలి. జపం తర్వాత టీ, బిస్కట్లతో మొదలైంది టిఫిన్ల దాకా వచ్చింది. నిన్నటి ఇంట్లో ఇడ్లీ, వడ పెడితే ఇవాళ్టి ఇంటివారు ఏం పెట్టాలా అని రెండు రోజుల ముందు నుంచి లెక్కలు వేసుకుంటున్నారు. కూలికి వెళ్లే కుటుంబాలు "మా ఇంట్లో చోటు లేదు" అని తప్పుకుంటున్నాయి. వాళ్లకు లేనిది చోటు కాదు. మరియమ్మ బిడ్డను పడుకోబెట్టింది పశువుల తొట్టిలో. ఆమె స్వరూపం ఒక గది ఇంటి ముందు ఆగకుండా వెళ్లిపోతుంటే మనకు చీమ కుట్టినట్టయినా లేదు. విచారణ గురువులు, వారికి సాయపడే ఉపదేశులు నెల మొదటి ఆదివారం దివ్యపూజలోనే "ఏ ఇంట్లోనైనా మంచినీళ్లు మాత్రమే" అని ప్రకటిస్తే ఏ ఇంటికీ చిన్నతనం ఉండదు. జాబితా కూడా వీధి వరుసలో వేయాలి, చందా వరుసలో కాదు. మైకు విషయం చెప్పనే అక్కరలేదు. పాతికమంది కూర్చున్న వసారాలో మైకు దేనికి? పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటారు.

మానేసిన ఇళ్లవారు మళ్లీ మొదలుపెట్టాలంటే ఒకేసారి అయిదు దేవరహస్యాలకు ఉరకకండి. అక్టోబరు ఒకటిన ఉత్సాహంగా మొదలై పదో తేదీకి చల్లబడేది ఇందుకే. మొదటి రెండు వారాలు రోజూ ఒక్క దేవరహస్యం, నాలుగు నిమిషాలు. వేళ మారకూడదు. రాత్రి అన్నానికి ముందు అయితే మంచిది, తిన్నాక నిద్ర ముంచుకొస్తుంది. ఆ తర్వాత రెండు, ఆదివారం మాత్రం అయిదూ. మోకాళ్ల మీదే ఉండాలన్న నియమం లేదు, చాప మీద కూర్చోండి. అయిదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో దేవరహస్యం ముందు చెప్పే వంతు ఇవ్వండి. ఏడేళ్ల పిల్ల తప్పుగా చెప్పినా మధ్యలో దిద్దకండి. దిద్దితే మర్నాడు ఆ పిల్ల నోరు విప్పదు. "ఏలినవారు" అంటే ప్రభువు, "వరప్రసాదము" అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే అనుగ్రహం అని రోజుకో మాట చొప్పున అర్థం చెప్పండి. మన జపాల భాష పాతది, గంభీరమైనది. దాన్ని మార్చాలని అనను, కానీ అర్థం తెలియకుండా పిల్లల చేత వల్లె వేయించడం అన్యాయం.

విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ మాలలు ఎక్కువగా తెగేది పతకం దగ్గరే, మూడు వైపుల లాగుడు అక్కడే పడుతుంది. తీగ కొక్కేల మాల కంటే ముడులు వేసి నైలాను దారంతో అల్లిన మాల రోజూ వాడేవారికి ఎక్కువ కాలం వస్తుంది. కొన్నాక గురువుగారి చేత ఆశీర్వదింపజేయండి. బాగు చేయలేనంతగా తెగిన ఆశీర్వాదపు మాలను చెత్తబుట్టలో వేయకుండా మట్టిలో పాతిపెట్టండి, లేదా గుడిలో ఇచ్చేయండి.

సంపాదకులు గారికి ఒక విన్నపం. పంచాంగం, తిథి, నమాజు వేళలు వేసినట్టే, అక్టోబరు నెలంతా ఆ రోజు దేవరహస్యాలు ఏవో, చదవాల్సిన వచనాలు ఏవో రెండు వరుసల్లో వేయండి. పాత పుస్తకాల్లో లేనివి వెలుగు దేవరహస్యాలు కాబట్టి గురువారంతోనే మొదలుపెట్టండి: యోర్దాను నదిలో యేసు జ్ఞానస్నానం, మత్తయి 3:13-17. కానా పెండ్లి, యోహాను 2:1-12. దైవరాజ్య ప్రకటన, మార్కు 1:14-15. యేసు దివ్యరూపధారణ, లూకా 9:28-36. దివ్యసత్ప్రసాద స్థాపన, లూకా 22:14-20.

ఇట్లు,
ఒక కతోలిక పాఠకుడు,
గుంటూరు జిల్లా